వీపున బుట్ట, నడుమున డబ్బు సంచీ: పాత ఐర్లండ్ పల్లెల్లో ఆడవాళ్ల బేరసారాలు

వీపున పెద్ద బుట్టతో, కాళ్లకు చెప్పులైనా లేకుండా నడిచిపోతున్న ఐరిష్ పల్లె ఆడవాళ్ల పాత ఫోటోలు చూసి మీరు మూడు ప్రశ్నలు అడిగారు. ఆ బుట్టల్లో ఏముండేది? బండ్లు ఉండగా మనుషులెందుకు మోశారు? అమ్మగా వచ్చిన డబ్బు ఎవరి చేతికి వెళ్లేది? మొదటి రెండూ తేలికైన ప్రశ్నలు. మూడోదే అసలు ప్రశ్న, దాన్ని అడిగేవాళ్లు తక్కువ. ఐర్లండ్ గ్రామీణ చరిత్రను ఏళ్ల తరబడి చదువుతున్నదాన్ని కనుక కాస్త వివరంగానే చెబుతాను. నేను చెప్పేది ఎక్కువగా 18వ శతాబ్దం మధ్య నుంచి 20వ శతాబ్దం తొలి సగం వరకు, అదీ పశ్చిమ తీరాన ఉన్న డొనెగాల్, మేయో, గాల్వే, కెర్రీ, దక్షిణాన కార్క్ కౌంటీల సంగతి.

ముందు బండ్ల విషయం. పశ్చిమ తీరంలో చాలాచోట్ల బండ్లు లేవు, ఉన్నా నడవడానికి దారి లేదు. 1837లో డొనెగాల్‌లోని గ్వీడోర్ ప్రాంతం నుంచి ప్యాట్రిక్ మెకై అనే బడిపంతులు ఐర్లండ్‌లో బ్రిటిష్ రాజప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంట్‌కు ఒక అర్జీ పంపాడు. మా జనం ఆకలితో ఉన్నారు, ఆదుకోండి అని దాని సారాంశం. ఉత్త మాటలతో వేడుకోకుండా తన పారిష్‌లో, అంటే ఒక చర్చి పరిధిలోని ఊళ్లలో, ఏమేం ఉన్నాయో, ఏమేం లేవో లెక్క కట్టి రాశాడు. జనం సుమారు 4,000. బండి 1. నాగలి 1. పారలు 20. దంతెలు 32. కుర్చీలు 93, పీటలు 243. నాలుగు వేల మందికి ఒక్క బండి ఉన్నచోట ఎరువు పొలానికి, పొయ్యిలోకి వంటచెరకు ఇంటికి, అమ్మకపు సరుకు అంగడికి ఎలా చేరుతుంది? కొంత గుర్రం మీద, మిగతాదంతా మనుషుల వీపు మీద. ఆ మనుషుల్లో ఎక్కువమంది ఆడవాళ్లు.

గాడిద కూడా అక్కడ అనాదిగా ఉన్న జంతువు కాదు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లోనే అది పల్లెల్లో విరివిగా కనబడసాగింది. అంతకుముందు కొండ ప్రాంతాల్లో చక్రాలు లేని ఈడ్పుబండి వాడేవారు: రెండు పొడవాటి కర్రలను గుర్రానికి రెండు పక్కలా కట్టి, వెనక కొసలు నేల మీద రాసుకుంటూ వచ్చేలా ఉండేది. మెత్తటి చిత్తడి నేలలో చక్రం కూరుకుపోతుంది కాబట్టి అదే నయం. అది కూడా లేని ఇంట్లో బుట్టే దిక్కు.

ఆ బుట్టను అక్కడ క్రీల్ అంటారు. మన దగ్గర చుట్టకుదురు పెట్టుకుని నెత్తిన గంప మోసినట్లు కాదు. క్రీల్ వీపుకు ఆనుకుని ఉంటుంది. దాన్ని అల్లే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. బుట్టను తలకిందులుగా అల్లుతారు. విల్లో లేదా హేజెల్ చువ్వలను నేలలో చతురస్రాకారంగా గుచ్చి, మూతి దగ్గర అల్లిక మొదలుపెట్టి పైకి వెళతారు. నడుమ ఒక వరుస ఖాళీగా వదిలేస్తారు, అక్కడ నిలువు చువ్వలు మాత్రమే కనిపిస్తాయి. బుట్ట తేలికవుతుంది, పట్టుకోవడానికి చేతికి అందుతుంది. చివరికి పైనున్న చువ్వల కొసలను వంచి ఒకదానిలో ఒకటి దూర్చేస్తే అడుగు తయారవుతుంది. అప్పుడు నేల నుంచి పెరికి తిప్పి నిలబెడతారు. ఎండుగడ్డిని పేనిన తాడో తోలు పట్టీయో బుట్ట చుట్టూ పోనిచ్చి, భుజాల మీదుగా ఛాతీకి అడ్డంగా పట్టుకుంటారు. నిండిన బుట్టను నేల మీది నుంచి ఎత్తుకోవడం కష్టం. అందుకే గట్టు మీదో గోడ మీదో పెట్టి నింపుకుని, దానికి వీపు ఆన్చి తాడు అందుకుని లేచేవారు. వీపు ఒరుసుకుపోకుండా శాలువాను మడిచి మధ్యన పెట్టుకునేవారు. మేయో కౌంటీలో కాజిల్‌బార్ దగ్గర టర్లో పార్క్‌లో ఐర్లండ్ జాతీయ మ్యూజియం వారి గ్రామీణ జీవన విభాగం ఉంది. ఎప్పుడైనా అటు వెళితే ఈ గడ్డి పని, చువ్వల పని నిదానంగా చూడండి.

ఇక బుట్టలో ఏముండేదంటే, అన్నిటికంటే ఎక్కువగా ఉండేది అమ్మకపు సరుకు కాదు, టర్ఫ్. అడవులు కొట్టేసిన దేశం కనుక పొయ్యిలోకి చిత్తడి నేలను ఇటుకల్లా కోసి ఎండబెట్టి వాడేవారు. కోయడం సాధారణంగా మగవాళ్ల పని. పరచి, తిరగేసి, గాలి ఆడేలా నిలబెట్టి, ఎండాక ఇంటికి మోయడంలో ఆడవాళ్లు, పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. ఆ తర్వాతది సముద్రపు నాచు. తీరంలో బంగాళదుంప చేలకు అదే ఎరువు. గాల్వే తీరానికి ఎదురుగా ఉన్న అరన్ దీవుల్లో మట్టే లేని సున్నపురాతి పలకల మీద ఇసుక, నాచు పరచి పొలం తయారుచేసుకున్నారు. ఆ నాచును అలల అంచు నుంచి పైకి చేర్చిన బుట్టల్లో ఆడవాళ్లవీ ఉన్నాయి. తడి నాచు ఎండు టర్ఫ్ కంటే బరువు. పైగా ఉప్పునీళ్లు వీపు మీదుగా కారుతూనే ఉంటాయి. ఫోటోలో అందంగా కనబడే ఆ నడక వెనక ఈ తడి ఉంది.

ఇంగ్లండ్ నుంచి వచ్చిన యాత్రికులు కొందరు ఇది చూసి, ఐరిష్ మగవాళ్లు సోమరులని, పెళ్లాల చేత గాడిద చాకిరీ చేయిస్తారని రాసిపెట్టారు. ఆ మాటను ఉన్నది ఉన్నట్టు నమ్మకండి. డొనెగాల్, మేయో కౌంటీల మగవాళ్లు వేసవి వచ్చిందంటే గుంపులుగా స్కాట్లండ్, ఇంగ్లండ్‌లకు కోతలకు, దుంపలు తవ్వడానికి వెళ్లిపోయేవారు. ఇంటికి, పొలానికి భూస్వామికి కట్టాల్సిన అద్దె డబ్బు ఆ కూలి నుంచే రావాలి. వాళ్లు తిరిగి వచ్చేది శరదృతువులో. ఈలోగా చేను, ఆవు, పిల్లలు, టర్ఫ్, అంగడి అన్నీ ఇంట్లో మిగిలిన ఆడదాని మీదే. యాత్రికుడు వచ్చేది కూడా వేసవిలోనే. మగవాడు ఎందుకు కనబడలేదో అతను ఆరా తీయలేదు.

ఇప్పుడు అమ్మకం సంగతి. అక్కడ రెండు రకాల సంతలు ఉండేవి. ఒకటి పశువుల సంత. అది మగవాళ్లది. ఆవుల బేరం, గుర్రాల బేరం, చేతిలో చెయ్యి వేసి కొట్టడం, బేరం కుదిరాక అమ్మినవాడు అదృష్టం కోసమని కొంత చిల్లర వెనక్కి ఇవ్వడం. రెండోది వారపు అంగడి. వెన్న, గుడ్లు, కోళ్లు, ఉన్ని దారం, మేజోళ్లు, చేపలు అమ్ముడయ్యేది అక్కడ. అది ఎక్కువగా ఆడవాళ్ల రాజ్యం. తెల్లవారకముందే లేచి, గుంపుగా కలిసి బయల్దేరేవారు. బూట్లు ఉంటే వాటిని చేత్తో పట్టుకునో బుట్టలో పెట్టుకునో ఉత్త కాళ్లతో నడిచి, ఊరి పొలిమేర చేరాక వాగులో కాళ్లు కడుక్కుని తొడుక్కునేవారు. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ విప్పేయడమే. ఒక జత ఎన్నో ఏళ్లు రావాలి మరి. ఈ సంగతి ఐర్లండ్ నలుమూలల నుంచి వినిపిస్తుంది.

గుడ్ల విషయం కాస్త నిలబడి చూడాలి. పేద ఇంట్లో ఏడాది పొడవునా ఎంతో కొంత రాబడి ఇచ్చేది కోడి ఒక్కటే. పంది పెరిగితే అద్దెకు పోతుంది, దూడ పెరిగితే అద్దెకు పోతుంది. గుడ్డు మాత్రం ఇంటిదానిది. కోళ్ల పెంపకం మగవాడు చేయదగ్గ పని కాదని అప్పటి మగవాళ్లే అనుకునేవారు, ఆ చిన్నచూపే ఆడవాళ్లకు మేలు చేసింది. గుడ్లను బుట్టలో ఎండుగడ్డి మధ్య వరుసలుగా పేర్చి, పైన గుడ్డ కప్పి తీసుకెళ్లేవారు. గుడ్ల వ్యాపారంలో వంద అంటే 120 అని లెక్క. అంగడికి వెళ్లలేనివారి ఇళ్లకు మారుబేరగాళ్లు వచ్చేవారు. వాళ్లలోనూ ఆడవాళ్లు ఉండేవారు. ఊరూరా తిరిగి గుడ్లు పోగుచేసి పట్టణంలో ఎగుమతిదారుకు అమ్మేవారు. అక్కడి నుంచి పెట్టెల్లో గడ్డి నింపి ఓడల మీద ఇంగ్లండ్‌కు వెళ్లేవి.

గుడ్ల ధర వసంతంలో పడిపోతుంది, ఎందుకంటే అన్ని కోళ్లూ ఒకేసారి పెడతాయి. చలికాలంలో పెరుగుతుంది. మరి గుడ్లను ధర వచ్చేదాకా దాచడం ఎలా? కార్క్ ప్రాంతపు ఆడవాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. కోడి పెట్టిన వెంటనే, గుడ్డు ఇంకా వెచ్చగా ఉండగానే, అరచేతికి కొంచెం వెన్న రాసుకుని గుడ్డును రెండు చేతుల మధ్య దొర్లిస్తారు. పెంకు మీది సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి, లోపలికి గాలి చొరబడదు, తేమ బయటికి పోదు. అలా రాసిన గుడ్డు వారాల తరబడి తాజాగా నిలుస్తుంది, పెంకు నున్నగా మెరుస్తుంది. కార్క్ నగరంలోని ఇంగ్లిష్ మార్కెట్‌లో వెన్న రాసిన గుడ్లు మన కాలం దాకా అమ్ముతూ వచ్చారు.

అయితే ఈ బేరంలో డబ్బు చేతికి రావడం తక్కువ. ఆడది గుడ్లు తెచ్చి దుకాణంలో లెక్కపెట్టి ఇస్తుంది, దుకాణదారు వాటికి బదులుగా టీ పొడి, పంచదార, పొగాకు, పిండి ఇస్తాడు. మిగిలింది పద్దులో రాస్తాడు. గుడ్డు ధరను నిర్ణయించేది అతనే, టీ ధరను నిర్ణయించేదీ అతనే. ఊళ్లో రెండో దుకాణం లేకపోతే ఆమె ఎంత గట్టిగా బేరమాడినా లాభం లేదు. అప్పు పెరిగినకొద్దీ ఆ దుకాణాన్ని వదిలి వెళ్లడం మరీ కష్టమయ్యేది. ఇలా సరుకు అప్పిచ్చి జనాన్ని కట్టేసుకునే దుకాణదారుకు గోంబీన్ మ్యాన్ అని పేరు, ఆ పేరు ఈనాటికీ తిట్టుగానే ఉంది. 1891లో ఏర్పడిన కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు పశ్చిమ తీరంలోని పేద ప్రాంతాల ఇంటి లెక్కలు తీయించినప్పుడు, గుడ్లకు సరుకులు మార్చుకోవడం చోటు తర్వాత చోటు నమోదైంది. కుటుంబం తాగే టీ చాలావరకు కోళ్లే సంపాదించేవి అనడం అతిశయోక్తి కాదు.

వెన్న కథ వేరు, దానిలో డబ్బు ఎక్కువ. ఆవు పాలు పితకడం, మీగడ తీయడం, నిలువు చెక్క పీపాలో కర్రను పైకీ కిందికీ ఆడిస్తూ చిలకడం, చల్లటి నీళ్లలో కడిగి మజ్జిగ పూర్తిగా పిండేయడం, ఉప్పు కలపడం, ఇదంతా ఆడవాళ్ల పనే. దీన్ని సరిగా చేసేవాళ్లకు ఊళ్లో పేరుండేది. మజ్జిగ కొంచెం మిగిలినా వెన్న పులిసిపోతుంది. దగ్గరి అంగడికైతే ముద్దలు చేసి, క్యాబేజీ ఆకుల్లో చుట్టి, బుట్టలో పెట్టుకుని ఆడదే వెళ్లి అమ్మేది. కొనేవాడు గోటితోనో నాణెం అంచుతోనో రుచి చూసి ధర చెప్పేవాడు. ఆ డబ్బు ఆమె చేతిలోనే పడేది.

దూరపు అమ్మకం కార్క్ నగరానికి. 1770 ప్రాంతంలో కార్క్ వ్యాపారుల సంఘం వెన్నకు కట్టుదిట్టమైన తనిఖీ పెట్టింది. ఫర్కిన్ అనే చెక్కపీపాలో సుమారు 56 పౌండ్ల వెన్న పట్టేది. తనిఖీదారు పొడవాటి బోలు చువ్వను పీపా అడుగుదాకా దించి, పైకి తీసి, వాసన చూసి, రుచి చూసి రకం నిర్ణయించి పీపా మీద ముద్ర వేసేవాడు. పైన మంచి వెన్న, అడుగున పాత వెన్న పెట్టి మోసం చేయడం అందుకే కుదరదు. ఆ ముద్ర ఉన్న వెన్న వెస్టిండీస్ దాకా వెళ్లింది. ఈ వ్యాపారం కోసమే కెర్రీ కొండల నుంచి కార్క్ దాకా దారులు వేశారు, వాటికి వెన్న దారులని పేరు. మొదటిదాన్ని 1748లో కాజిల్‌ఐలండ్‌కు చెందిన జాన్ మర్ఫీ వేయించాడు. ఒకటి రెండు ఆవులున్న ఇంట్లో పీపా నిండాలంటే వారాలు పడుతుంది, ఈలోగా మొదట వేసిన వెన్న చెడుతుంది. అందుకని ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి ఒకే పీపా నింపేవారు. కానీ ఒక్కో ఇంటి వెన్నది ఒక్కో రంగు. కోస్తే చారలు కనిపిస్తాయి, తనిఖీదారు రకం తగ్గిస్తాడు. పేదరికం వెన్న రంగులో కూడా బయటపడేది.

ఇక్కడొక సంగతి గమనించండి. ముద్ద వెన్న అంగడికి వెళ్లేది ఆడదాని బుట్టలో, డబ్బు ఆమెకు. పీపా వెన్న కార్క్‌కు వెళ్లేది మగవాళ్లు నడిపే గుర్రాల మీద, బండ్ల మీద, డబ్బు మగవాడి చేతిమీదుగా ఇంటికి, తరచు నేరుగా భూస్వామి అద్దెకు. వెన్న ఒకటే, చేసిన చేతులూ అవే. ఎవరు మోసుకెళితే డబ్బు వారిది. మీ మూడో ప్రశ్నకు నా సమాధానం ఇదే. మిగతా ఉదాహరణలన్నీ ఈ ఒక్క విషయాన్నే రకరకాలుగా చూపిస్తాయి.

గాల్వే పట్టణం పక్కన క్లాడా అనే బెస్తపల్లె ఉండేది. అక్కడ చేపలు పట్టడం మగవాళ్ల పని. పడవ ఒడ్డుకు తగలగానే చేపలన్నీ ఆడవాళ్ల పరం. అక్కడి నుంచి మగవాడికి సంబంధం లేదు. స్పానిష్ ఆర్చ్ అనే పాత రాతి తోరణం పక్కన చేపల అంగడిలో బుట్టలు పెట్టుకుని అమ్మేది, మిగిలినవి వీపున వేసుకుని పల్లెలు తిరిగి అమ్మేది ఆడవాళ్లే. 1820లో గాల్వే చరిత్ర రాసిన జేమ్స్ హార్డిమన్ ఈ ఆడవాళ్ల గురించి కొంత ఆశ్చర్యంగానే రాశాడు. భర్తల మీద వాళ్లదే పూర్తి పెత్తనమని, సంపాదనంతా వాళ్లే చూసుకుంటారని, పడవకు, వలలకు మరమ్మతు చేయించుకోవడానికి సరిపడేంత డబ్బు మాత్రం మగవాళ్లకు ఇస్తారని చెప్పాడు. మగవాళ్లకు మందుకు, పొగాకుకు మాత్రం లోటు రానివ్వరని కూడా రాశాడు. ఐర్లండ్ అంతటా ఆడది చిల్లర రాబడిని చూసుకుంటే, క్లాడాలో అసలు రాబడినే చూసుకుంది. కారణం సూటిగా ఉంది: చేప అదే రోజు అమ్ముడుపోవాలి, అమ్మేది తను, బేరం తెలిసింది తనకు.

1913 వేసవి ఆరంభంలో మార్గరీత్ మెస్పులే, మాదలీన్ మిన్యోన్ అనే ఇద్దరు ఫ్రెంచ్ మహిళలు ఆల్బర్ట్ కాన్ అనే ధనికుడి పనుపున ఐర్లండ్ వచ్చి రంగుల ఫోటోలు తీశారు. ఆ దేశపు తొలి రంగుల ఫోటోలుగా అవే పేరుపొందాయి. క్లాడా ఆడవాళ్లు ఎర్ర లంగాలు, ముదురు రంగు శాలువాలతో ఆ ఫోటోల్లో కనిపిస్తారు. మీరు చూసినవాటిలో రంగువి ఉంటే బహుశా వీటిలోవే. 1930లలో క్లాడా గడ్డి ఇళ్లు కూలగొట్టి కొత్త ఇళ్లు కట్టారు.

డొనెగాల్‌లో బుట్టతో పాటు చేతుల్లో అల్లిక సూదులు కూడా ఉండేవి. రాసెస్ ప్రాంతపు ఆడవాళ్లు గ్లెంటీస్ పట్టణంలోని వ్యాపారుల దగ్గర ఉన్ని దారం తెచ్చుకుని, మేజోళ్లు అల్లి తిరిగి ఇచ్చేవారు. రాసెస్‌లోని డంగ్లో నుంచి గ్లెంటీస్‌కు ఈనాటి రోడ్డు మీద లెక్కేసినా పదిహేను మైళ్లకు పైనే. కొండదారిన నడిచి వెళ్లి, మేజోళ్లు అప్పగించి, కొత్త దారం తీసుకుని మళ్లీ నడిచి రావాలి. దారి పొడవునా అల్లుతూనే ఉండేవారు. వీపున బరువు ఉన్నా చేతులు ఖాళీ కదా. ఇంత చేసినా కూలి చాలా స్వల్పం, అదీ తరచు డబ్బుగా కాకుండా సరుకుగా. 1838 నుంచి గ్వీడోర్‌లో భూములు కొన్న లార్డ్ జార్జ్ హిల్ బన్‌బెగ్‌లో దుకాణం పెట్టి ఆడవాళ్లు అల్లిన మేజోళ్లు కొన్నాడు. ఆయన్ను పొగిడినవాళ్లు ఉన్నారు, అదే మనిషి రైతుల కొండమేత భూములు లాక్కున్నాడని తిట్టినవాళ్లూ ఉన్నారు. రెండూ నిజమే. 1906లో డంగ్లోలో ప్యాట్రిక్ గల్లహర్ నాయకత్వంలో టెంపుల్‌క్రోన్ సహకార సంఘం మొదలైంది. అది గుడ్లను న్యాయమైన ధరకు కొనడమే కాక, తర్వాత ఊళ్లోనే అల్లిక కర్మాగారం పెట్టింది. దానితో ఆ అమ్మాయిల గ్లెంటీస్ నడక తప్పింది, కూలి డబ్బు రూపంలో చేతికొచ్చింది. బరువు దిగినప్పుడు డబ్బు కూడా దక్కిన అరుదైన సందర్భం ఇది, అందుకే నాకు ప్రత్యేకంగా ఇష్టం.

సాధారణంగా జరిగింది దీనికి విరుద్ధం. 18వ శతాబ్దంలో ఉత్తరాన ఉల్‌స్టర్‌లోనూ, స్లైగో, మేయోల్లోనూ పల్లె ఆడవాళ్లు అవిసె నారను రాట్నం మీద వడికి, ఆ నూలు చిలపలను అంగడికి తీసుకెళ్లి అమ్మేవారు. ఒక ఆడది వారమంతా వడికినా వచ్చేది కొద్దిపాటి డబ్బే కానీ, ఎన్నో ఇళ్ల అద్దె దాని మీదే ఆధారపడింది. 1825లో అవిసె నారను తడిపి యంత్రంతో వడికే పద్ధతి వచ్చింది. కొన్నేళ్లకే బెల్‌ఫాస్ట్‌లో మిల్లులు లేచాయి. చేతి నూలును కొనేవాడు లేకుండా పోయాడు. పశ్చిమాన ఆ రాబడి పోయిన రెండు దశాబ్దాలకే 1845లో బంగాళదుంప తెగులు, మహా కరవు వచ్చిపడ్డాయి. అప్పటికే ఆడవాళ్ల సంపాదన ఎండిపోయి ఉండటం వల్ల ఆ ఇళ్లు మరీ తేలిగ్గా కూలిపోయాయి. కరవు పనుల్లో రోడ్ల కోసం రాళ్లు కొట్టడానికి, మోయడానికి వచ్చినవారిలో ఆడవాళ్లూ ఉన్నారు. కరవు కాలంలో మోనహన్ కౌంటీలోని క్లోన్స్‌లో కసాండ్రా హ్యాండ్ అనే పాస్టరు భార్య క్రోషే లేసు, అంటే కొక్కెం సూదితో అల్లే లేసు, నేర్పించి ఒక జీవనోపాధి నిలబెట్టింది. చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలు అల్లినవి తెచ్చి అమ్ముకునేవారు. బుట్ట అవసరం లేని సరుకు అది, శాలువా మడతలో సరిపోతుంది.

వెన్నకు పట్టిన గతి కూడా ఇదే. స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ డి లావాల్ 1878లో పాల నుంచి మీగడను వేరుచేసే యంత్రం కనిపెట్టాడు. 1889లో లిమరిక్ కౌంటీలోని డ్రమ్‌కొల్లోగర్‌లో ఐర్లండ్ మొదటి సహకార క్రీమరీ, అంటే ఊరి పాలన్నీ పోగుచేసి వెన్న తీసే కేంద్రం, తెరిచారు. హొరేస్ ప్లంకెట్ ఆ ఉద్యమాన్ని ముందుకు తీసుకెళ్లాడు, 1894లో ఐరిష్ వ్యవసాయ సహకార సంస్థ ఏర్పడింది. రైతులకు లాభం వచ్చింది, కాదనను. ఆడవాళ్లకు చిలికే చాకిరీ కూడా తప్పింది. కానీ పొద్దున్నే పాల క్యాన్లను గాడిద బండి మీద క్రీమరీకి తీసుకెళ్లేది మగవాడు, నెలాఖరున చెక్కు వచ్చేది అతని పేరు మీద. అంతవరకు వెన్న అమ్మి ఉప్పు, చెప్పు కొనుక్కున్న ఇల్లాలు ఇప్పుడు భర్తను అడగాల్సి వచ్చింది. సహకారోద్యమం గురించి రాసే చాలా పుస్తకాలు ఈ నష్టాన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. 1910లో వెక్స్‌ఫర్డ్ కౌంటీలోని బ్రీలో అనిటా లెట్ ఆధ్వర్యంలో యునైటెడ్ ఐరిష్‌విమెన్ సంఘం పుట్టడానికి ఉన్న నేపథ్యంలో ఇదీ ఒకటి. తర్వాతి కాలపు ఐరిష్ కంట్రీవిమెన్స్ అసోసియేషన్ దాని కొనసాగింపే.

చట్టం ఏమనేదంటారా? 1870, 1882 చట్టాలు వచ్చేదాకా పెళ్లయిన స్త్రీ సంపాదన చట్టప్రకారం భర్తదే. అయినా గుడ్ల డబ్బు, వెన్న డబ్బు ఇంటిదానివని ఊరంతా ఒప్పుకునేది. ఆచారం చట్టాన్ని పక్కకు నెట్టింది. ఆ డబ్బు ఎక్కడుండేదో కూడా చెబుతాను. లంగాకు కుట్టిన జేబు కాదు. విడిగా కుట్టిన గుడ్డ సంచీకి నాడాలు పెట్టి, పైలంగాకు లోపల నడుముకు కట్టుకునేవారు. పైలంగా పక్కనున్న చీలికలో చెయ్యి పోనిస్తే సంచీ అందుతుంది. ఇంట్లో ఎవరూ అడగకుండా ముట్టుకోలేని చోటు అది. పిల్లల బడి పుస్తకం, చర్చి చందా, అమెరికా వెళ్లే కూతురి ఓడ టికెట్‌లో ఒక భాగం, ఇలాంటివి ఆ సంచీలోంచి వచ్చేవి.

ఇంకా వెనక్కి వెళితే, సుమారు 700 సంవత్సరం నాటి ఐరిష్ న్యాయగ్రంథాల్లో భార్యాభర్తలు విడిపోతే ఆస్తి ఎలా పంచాలో రాసిపెట్టారు. ఉన్ని, అవిసె నార విషయంలో పని ఎంత ముందుకు సాగితే ఆడదాని వాటా అంత పెరుగుతుంది. గొర్రె మీది నుంచి కత్తిరించిన ఉన్నిలో ఆమెకు తక్కువ, దువ్వినదానిలో ఇంకొంచెం ఎక్కువ, నేసిన బట్టలో సగం. చేతిపనికి హక్కు ఉందన్న భావన అక్కడ ఎంత పాతదో దీన్నిబట్టి తెలుస్తుంది. వెయ్యేళ్ల తర్వాతి గుడ్ల డబ్బుకు ఇదే మూలమని మాత్రం నేను అనను.

చిన్న సరుకులు మరికొన్ని. ఉత్తర తీరంలో డల్స్ అనే ఎర్రటి నాచు ఏరి, ఎండబెట్టి, నమలడానికి అమ్మేవారు. ఆంట్రిమ్ కౌంటీలోని బల్లీకాజిల్‌లో ఆగస్టు చివరి సోమ, మంగళవారాల్లో జరిగే లామస్ సంతలో ఇప్పటికీ అది దొరుకుతుంది. జూలై ఆఖరున కొండల మీద నల్లటి బిల్‌బెర్రీ పళ్లు కోసి అమ్మేవారు. నత్తలు, గుల్లలు ఏరి లోపలి ఊళ్లకు మోసుకెళ్లేవారు. పెట్టుబడి లేని సరుకులు ఇవి. అందుకే భూమి లేనివాళ్లు, విధవలు ఎక్కువగా వీటి మీద బతికేవారు.

ఆడదాని చేతి నుంచి చివరిదాకా జారిపోనిది గుడ్డే. 1924లో కొత్త ఐరిష్ ప్రభుత్వం గుడ్ల చట్టం తెచ్చి ఎగుమతిదారులకు రిజిస్ట్రేషన్, గుడ్లకు రకాలు, శుభ్రత నియమాలు పెట్టింది. ఆ తర్వాత దశాబ్దాల్లో కిరాణా సరుకు నింపుకున్న వ్యాన్లు వాకిట్లోకే వచ్చి, గుడ్లు తీసుకుని టీ, పంచదార ఇచ్చి వెళ్లేవి. బుట్ట మోయాల్సిన పని తప్పింది, మార్పిడి మాత్రం పాతదే. 1937 నుంచి 1939 దాకా బడిపిల్లలు తమ అమ్మమ్మలు, తాతయ్యలను అడిగి రాసిన జానపద సేకరణ ఒకటుంది. సుమారు 5,000 బడుల నుంచి వచ్చింది, ఇప్పుడు అంతర్జాలంలో ఉచితంగా చదవవచ్చు. అంగడి దారులు, వెన్న చిలకడం, తిరుగుడు బేరగాళ్ల గురించి అందులో పేజీల కొద్దీ ఉంది. పోస్టుకార్డుల మీది ఎర్రజుట్టు పిల్లలు, టర్ఫ్ గాడిద బొమ్మలకంటే అవి వెయ్యి రెట్లు నమ్మదగినవి.

మీ దగ్గరున్న ఫోటో ఏ కౌంటీదో, బుట్ట వీపున ఉందో చేతికి వేలాడుతోందో, మీద గుడ్డ కప్పి ఉందో లేదో చూసి రాయండి. వీపున మూతలేని పెద్ద బుట్ట అయితే టర్ఫో నాచో అయివుండే అవకాశం ఎక్కువ. చేతికి గుడ్డ కప్పిన చిన్న బుట్ట ఉంటే ఆమె అంగడికి వెళుతోందని అనుకోవచ్చు.